కోనసీమ గట్ల మీద గ్రావెల్ సైకిల్: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ నుంచో వైజాగ్ నుంచో సైకిల్ వేసుకుని రాజమండ్రిలో దిగేవాళ్ళు నన్ను అడిగేవి దాదాపు ఇవే. ఫోన్లో చెప్పి చెప్పి విసుగొచ్చి ఒకచోట రాసి పెడుతున్నాను. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి అంతర్వేది దాకా, గోదావరి పాయలైన గౌతమికీ వశిష్ఠకీ మధ్యనున్న మట్టి దారుల గురించే ఇదంతా. తారు రోడ్డు మీద కోనసీమ చూడాలనుకుంటే కారులో రావచ్చు, దానికి నా సలహా అక్కర్లేదు.

గ్రావెల్ అంటే టిప్పర్లో వచ్చే ఎర్రమట్టి కదండీ, దానికి వేరే సైకిలేంటి?

గోదావరి జిల్లాల్లో ఎవరికైనా ముందు వచ్చే సందేహం ఇదే. ఇంటి స్థలం మెరక చేయించాలంటే నాలుగు లారీల గ్రావెల్ తోలిస్తాం. కాబట్టి ఆ మాట మనకి కొత్త కాదు, సైకిల్ పక్కన వినడమే కొత్త. తారు లేని దారుల మీద దూరాలు పోవడానికి చేసిన సైకిల్ ఇది. చూడటానికి రేసు సైకిల్లా కొమ్ములు వంగిన హ్యాండిల్ ఉంటుంది. టైరు మాత్రం 40 మిల్లీమీటర్లకి అటూఇటూ వెడల్పు, పైగా డిస్క్ బ్రేకులు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియా అనే ఊళ్ళో 2006లో మొదలైన పందెంతో దీనికి బాగా పేరొచ్చింది. 2022లో ఇటలీలో మొదటి ప్రపంచ పోటీ కూడా జరిగింది. మా గట్ల మీద పాలక్యాన్లు కట్టుకుని తిరిగే సైకిళ్ళు మాత్రం ఏ పందెమూ లేకుండానే ఆ పని ఎప్పట్నుంచో చేస్తున్నాయి.

కోనసీమలో అసలు కంకర దారులున్నాయా?

కంకర తక్కువ. ఇది నది తెచ్చి పోసిన నేల, ఒండ్రుమట్టి. రాయి కావాలంటే బయటి నుంచి రావాల్సిందే. ఇక్కడ మనం తొక్కేది నాలుగు రకాల దారుల మీద. వాటి పేర్లు తెలుసుకుని వస్తే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే దారి అడిగితే ఊళ్ళో వాళ్ళు ఈ పేర్లతోనే చెబుతారు.

మొదటిది ఏటిగట్టు. గోదావరి పాయల వెంట వరద ఊళ్ళ మీదికి రాకుండా వేసిన పెద్ద కట్ట. ఎత్తుగా ఉంటుంది, ఒక పక్క ఏరు, లంకలు (ఏటి మధ్య దీవులు), ఇంకో పక్క కొబ్బరితోటలు. కొంత దూరం సిమెంటు, కొంత తారు, కొంత ఎర్ర గ్రావెల్, కొంత ఉత్త మట్టి. రెండోది కాలువ గట్టు. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వల్ల వచ్చిన కాలువలివి. అప్పట్లో ఇవి సాగునీటికే కాదు, పడవలు నడవడానికి కూడా. మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవలు లాగేవారు. అందుకే ఈ గట్లు సమంగా, తెగకుండా, మైళ్ళ తరబడి సాగుతాయి. లాకులు, అంటే నీటిమట్టం పెంచి తగ్గించే తలుపులు, కట్టింది కూడా పడవల కోసమే. సైకిల్ తొక్కేవాడికి ఇంతకంటే మంచి దారి వెతికినా దొరకదు.

మూడోది పుంత. పొలాల మధ్య బళ్ళు వెళ్ళే దారి, గుంటూరు వైపు డొంక అంటారు. ఎండాకాలంలో ట్రాక్టరు చాళ్ళు ఎండి రాయిలా గట్టిపడతాయి, వానలో గేదె కూడా జారుతుంది. నాలుగోది చెరువు గట్టు, దాని సంగతి కింద వేరే చెప్పాను.

ఒక కిటుకు గుర్తుపెట్టుకోండి. పెద్ద కాలువకి చాలా చోట్ల ఒక గట్టు మీద తారు రోడ్డు, బస్సు, ఆటో అన్నీ ఉంటాయి. మనకి కావాల్సింది ఎదుటి గట్టు. వంతెన రాగానే అవతలికి దాటండి. అక్కడ మట్టి దారి, కొబ్బరి నీడ, బట్టలు ఉతికే రేవులు, దారికడ్డంగా పడుకున్న ఒక కుక్క. మ్యాప్‌లో కాలువ నీలం గీత కనిపిస్తే చాలు, దానికి రెండు గట్లున్నట్టే.

ఏ నెలల్లో రావాలి?

ఇక్కడ క్యాలెండర్ కంటే కాలువని చూడాలి. జూన్‌లో సార్వాకి (వానాకాలం వరికి) నీళ్ళు వదులుతారు. అక్కణ్ణుంచి అక్టోబరు దాకా వానలు, వరదలు, దమ్ము చేసిన పొలాలు. గట్టు ఎక్కే ప్రతి ట్రాక్టరూ బురద మోసుకొచ్చి దారంతా పోస్తుంది. అక్టోబరు, నవంబరు తుపాను నెలలు. 1996 నవంబరు 6 నాటి తుపాను గురించి ఏ ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగినా చెబుతారు, కొబ్బరిచెట్లన్నీ పడిపోయిన తోటల లెక్కతో సహా. నవంబరు చివర నుంచి సార్వా కోతలు. అప్పుడు రోడ్లన్నీ ధాన్యంతో నిండిపోతాయి.

నా మట్టుకు నాకు డిసెంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా బంగారం. దాళ్వా (రెండో పంట వరి) నాట్లు పడి పొలం లేతాకుపచ్చగా ఉంటుంది, గట్టు గట్టిపడి ఉంటుంది, పొద్దున్న మంచు. మార్చి పర్వాలేదు. ఏప్రిల్, మే నెలల్లో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. కాలువ ఎండి, అడుగున పొక్లెయిన్లు పూడిక తీసి ఆ తడిమట్టి తెచ్చి గట్టు మీదే పోస్తాయి. దానికి తోడు ఎండా ఉక్కా. ముంజల కోసమైతే రండి, సైకిల్ కోసం వద్దు.

వరద టైములో ఏటిగట్టు మీద తొక్కొచ్చా?

వద్దు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక వినగానే ప్రయాణం మానుకోండి. లంకలకి వెళ్ళే కాజ్‌వేలు చాలా త్వరగా మునుగుతాయి, చాకలిపాలెం దగ్గర కనకాయలంకకి వెళ్ళేదాని పేరు ప్రతి ఏడూ వార్తల్లో వస్తుంది. పైగా ఆ రోజుల్లో గట్టు మీద ఇసుక బస్తాలు, కాపలా మనుషులు, లంకల నుంచి తోలుకొచ్చిన పశువులు ఉంటాయి. వాళ్ళ ఇల్లు మునుగుతున్నప్పుడు మనం హెల్మెట్ పెట్టుకుని ఫొటోలు తీసుకుంటూ పోవడం బావుండదు.

మొదటిసారి వస్తున్నాను. ఒక్క పూటలో అయ్యే దారి చెప్పండి.

రాజమండ్రి నుంచి లొల్ల లాకుల దాకా వెళ్ళి రండి. పొద్దున్న ఐదున్నరకి బయల్దేరి ధవళేశ్వరం, అక్కడ బ్యారేజీ ఎక్కి బొబ్బర్లంక. బ్యారేజీ మీద గాలి తట్టుకోవడం మొదటి పరీక్ష. పక్కనే బండ్లు పోతుంటాయి, కబుర్లు ఆపి ఒకరి వెనక ఒకరు వెళ్ళండి. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా ప్రధాన కాలువ మొదలవుతుంది. ఇక మ్యాప్ మూసేయొచ్చు. నీళ్ళు ఎటు పోతే మీరూ అటే.

ఆత్రేయపురం చేరేసరికి ఎండ ఇంకా ఎక్కదు. పూతరేకులు కొనేది తిరుగు ప్రయాణంలో, పోయేటప్పుడు కొంటే బ్యాగులో పొడి అవుతాయి (నాకు రెండుసార్లు అయ్యాయి). కావాలంటే కాస్త పక్కకి తిరిగి ర్యాలి వెళ్ళొచ్చు. ముందునుంచి విష్ణువు, వెనకనుంచి మోహిని కనిపించే ఏకశిలా విగ్రహం అక్కడుంది. చెమట బట్టలతో లోపలికి వెళ్ళాలా వద్దా అన్నది మీ ఇష్టం. లొల్ల దగ్గర ప్రధాన కాలువ చీలిపోతుంది. పాత లాకులు, రావిచెట్లు, నీళ్ళ హోరు. సినిమాల్లో చూసిన చోటులా అనిపిస్తే ఆశ్చర్యపోకండి, చాలా షూటింగులు ఇక్కడ జరిగాయి.

ఒక్క హెచ్చరిక: శనివారం మాత్రం వద్దు. దగ్గర్లోనే వాడపల్లి వేంకటేశ్వరస్వామి గుడి. ఏడు శనివారాల మొక్కు తీర్చుకునే జనంతో ఆ చుట్టుపక్కల రోడ్లన్నీ తెల్లవారుజాము నుంచే కిక్కిరిసిపోతాయి. హైదరాబాద్ వాళ్ళు శుక్రవారం రాత్రి రైలెక్కి సరిగ్గా శనివారమే దిగుతారు. అలాంటప్పుడు శనివారం అమలాపురం వైపు, ఆదివారం ఇటువైపు పెట్టుకోండి.

రెండు రోజులుంటే?

అప్పుడు కోనసీమని పైనుంచి కిందికి, ఆనకట్ట నుంచి సముద్రం దాకా తొక్కండి. రాజమండ్రిలో రైలు దిగి నరసాపురంలో రైలెక్కడం. వెనక్కి అదే దారిన రానక్కర్లేదు. పక్కదార్లతో కలిపి 100 కిలోమీటర్లు కాస్త దాటుతుంది. రోడ్డు సైకిలైతే ఒక్క పూట పని, మట్టి మీద రెండు రోజులు కావాలి.

మొదటి రోజు లొల్ల దాకా పైన చెప్పినట్టే. అక్కణ్ణుంచి గన్నవరం కాలువ పట్టుకోవాలి. రావులపాలెం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి అడ్డొస్తుంది, ఈ రెండు రోజుల్లో నిజంగా ప్రమాదమున్న చోటు అదొక్కటే. రోడ్డు మీదుగా దూకకుండా కిందనుంచి దాటే దారి వెతుక్కోండి. దాటాక మళ్ళీ కాలువ, మళ్ళీ నీడ. అరటిగెలల లారీలు తగ్గి కొబ్బరికాయల ట్రాక్టర్లు మొదలవుతాయి. ఎదుటి గట్టు మీద కొన్నిచోట్ల గడ్డి మోకాళ్ళ దాకా పెరిగి దారి మాయమవుతుంది. అప్పుడు మొండికి పోకండి, ఇవతలికి వచ్చి తారు మీద ఒక కిలోమీటరు పోయి మళ్ళీ దాటండి.

పి.గన్నవరం దగ్గర ఒక వింత. కాలువ నదిని దాటుతుంది! కింద వైనతేయ గోదావరి, పైన అక్విడక్టులో కాలువ నీళ్ళు. అవతలనున్న నగరం అనే ద్వీపానికి సాగునీళ్ళు పంపడానికి కాటన్ కాలంలోనే దీన్ని కట్టారు, తర్వాత పక్కనే కొత్తది వచ్చింది. పాతదాని కమానులు ఏటి ఇసుక మీద నిలబడి ఉంటాయి. ఇక్కడ అరగంట ఆగకుండా వెళ్ళినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు.

అవతలి ఒడ్డు చేరాక రెండు దారులు. ఓపిక ఉంటే వైనతేయ ఏటిగట్టు పట్టుకుని అప్పనపల్లి దాకా వెళ్ళండి, బాలబాలాజీ గుడి ఏటి ఒడ్డునే. ఆ పక్కనే పాశర్లపూడి. 1995 జనవరిలో ఇక్కడ చమురు సంస్థ బావి అంటుకుని 65 రోజులు మండింది. ఈ చుట్టుపక్కల యాభై దాటిన ఎవరితో మాట కలిపినా, రాత్రులు పగల్లా వెలిగిన ఆ రోజుల గురించి ఒక కథ ఉంటుంది. ఓపిక లేకపోతే గన్నవరం నుంచి సూటిగా రాజోలు వైపు పోయి దిండిలో పడుకోండి. వశిష్ఠ ఒడ్డున పర్యాటక శాఖ వాళ్ళ రిసార్టు ఉంది, ముందే బుక్ చేసుకోవాలి.

రెండో రోజు దిండి నుంచి వశిష్ఠ ఏటిగట్టు వెంబడి సఖినేటిపల్లి, అంతర్వేది. ఈ దారిలో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, తొక్కడమే. ఏరు మెల్లగా వెడల్పవుతుంది, నీళ్ళు ఉప్పెక్కుతాయి, కొబ్బరి పలచబడి సరుగుడు తోటలు వస్తాయి. నరసింహస్వామి గుడి దాటి అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర ఏరూ సముద్రమూ కలిసే చోట దారి అయిపోతుంది. వెనక్కి సఖినేటిపల్లి రేవుకొచ్చి, పంటు (బండ్లని కూడా ఏరు దాటించే బల్లకట్టు) ఎక్కి నరసాపురం. మాఘమాసంలో స్వామివారి కల్యాణం రోజుల్లో మాత్రం ఈ దారిలో సైకిల్ నడిపించడానికి కూడా చోటుండదు.

పంటు మీద సైకిల్ ఎక్కిస్తారా?

మోటారుసైకిళ్ళనీ కార్లనీ ఎక్కించేవాళ్ళకి సైకిలొక లెక్కా? సఖినేటిపల్లి–నరసాపురం, ముక్తేశ్వరం–కోటిపల్లి, ఈ రెండు రేవులు మనకి బాగా పనికొస్తాయి. వరదలొస్తే ఆపేస్తారు, పొద్దుపోయాక నమ్ముకోలేం. చిల్లర దగ్గర పెట్టుకోండి. పంటులో సైకిల్ని చేత్తో పట్టుకోండి, కడ్డీకి ఆనిస్తే బుల్లెట్ వచ్చి దాన్ని ఆనుకుంటుంది.

సముద్రం ఒడ్డున ఇసుక మీద తొక్కొచ్చా?

నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు తడిసి గట్టిపడ్డ ఇసుక మీద తొక్కొచ్చు, గంటా గంటన్నర మించి కాదు. పోటు వచ్చేస్తే మెత్తటి పొడి ఇసుకలో సైకిల్ మోసుకుని నడవడమే. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్ళు ఎక్కువ తగ్గుతాయి, ఎక్కువ ఎక్కుతాయి కూడా. ఊళ్ళో మత్స్యకారుల్ని అడిగితే ఏ గంటకి పోటో, ఏ గంటకి పాటో చూడకుండానే చెబుతారు.

జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. ఆ నెలల్లో చీకట్లో లైటు వేసుకుని బీచ్ మీద తొక్కకండి. ఏరు సముద్రంలో కలిసే మొగల దగ్గర నీళ్ళలోకి దిగడం ఏ నెలలోనూ వద్దు, పైకి నిదానంగా కనిపించే చోటే లోపల లాగేస్తుంది.

అమలాపురం నుంచి దారులున్నాయా?

ఉన్నాయి. ఓడలరేవు, కొమరగిరిపట్నం, ఎస్.యానాం వైపు పుంతలు బోలెడు. అమలాపురం నుంచి ఓడలరేవు సుమారు 20 కిలోమీటర్లు, పుంతల్లో పడితే ఎంతైనా అవుతుంది. ఓడలరేవులో చమురు సంస్థ ప్లాంటు ఉంది, దాని గోడల దగ్గర కెమెరా తీయకండి. ముమ్మిడివరం దాటి ఎదుర్లంక వంతెన మీదుగా యానాం, అక్కణ్ణుంచి తాళ్ళరేవు, కోరింగ కూడా పోవచ్చు. అయితే ఆ దారిలో ఎక్కువ భాగం 216వ నంబరు జాతీయ రహదారి. కోరింగ మడ అడవిలో చెక్కబాట మీద సైకిల్ కుదరదు, గేటు దగ్గర తాళం వేసి నడిచి చూసి రండి. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి గుంపులో కొందరికి ఆ ఊరి మీద వేరే ఆసక్తి ఉంటుంది. ముందే మాట్లాడుకోండి, లేకపోతే ఆ రోజు తొక్కడం అక్కడితో సరి.

రొయ్యల చెరువుల గట్లు బాగా కనిపిస్తున్నాయి ఉపగ్రహ చిత్రంలో. వెళ్ళొచ్చా?

పైనుంచి చూస్తే గళ్ళనోటు పుస్తకంలా ముచ్చటగానే ఉంటాయి. అవి సొంత ఆస్తులు. లోపల లక్షల రూపాయల సరుకు, కాపలాకి మనుషులు, కుక్కలు. రొయ్యలకి రోగం అంటుతుందన్న భయంతో బయటివాళ్ళని, బయటి నీటినీ, బురద టైర్లనీ రానివ్వరు. వాళ్ళ భయంలో న్యాయముంది. చెరువుల మధ్య ఊరి రోడ్డు ఉంటే దాని మీద పొండి, గేటుంటే ఆగిపోండి. నేనొకసారి గేటు తీసే ఉంది కదా అని వెళ్ళాను. చివరికి దారి లేదు, వెనక్కి తిరిగేసరికి గేటు మూసేశారు. కాపలా ఆయన తిట్టలేదు. తాళంచెవి ఉన్న మనిషి భోజనానికెళ్ళాడని గంటన్నర కూర్చోబెట్టి, టీ ఇచ్చాడు.

రోడ్డంతా ధాన్యం పోసి ఉంటే ఎలా?

దిగి నడవండి. దీంట్లో రెండో మాట లేదు. కోత మిషను కోసిన ధాన్యంలో తడి ఎక్కువ, తేమ శాతం తగ్గకపోతే రైతుకి రేటు రాదు. కళ్ళం చేసుకునే చోటు లేక గట్టు మీద, సిమెంటు రోడ్డు మీద బరకాలు పరిచి ఎండబోస్తారు. టైరు కింద గింజలు నలుగుతాయి, మన సైకిలూ జారుతుంది. పక్కన జానెడు చోటు వదిలితే అందులోంచి నెమ్మదిగా. ఒకాయన మా గుంపుని ఆపి, "బాబూ, మీ సైకిలు లక్షా అట కదా, నా ధాన్యం కూడా లక్షే అండి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ మాకు నవ్వు రాలేదు.

టైర్లు ఎంత వెడల్పు ఉండాలి, గాలి ఎంత?

38 నుంచి 45 మిల్లీమీటర్ల దాకా ఏదైనా సరే. 70 కిలోల మనిషికి 40 టైరులో 30 నుంచి 35 పీఎస్ఐ చాలు, ఇసుక మీద ఇంకాస్త తీసేయొచ్చు. పెద్ద బుడిపెల టైర్లు అక్కర్లేదు, బంకమట్టి వాటిలో ఇరుక్కుని పిండిముద్దలా తయారవుతుంది. అసలు వాన పడి ఆగిన పుంతలో ఏ టైరూ పనిచేయదు. ఇరవై గజాలు పోయేసరికి మట్టి ఫోర్కులో బిగుసుకుని చక్రం తిరగనంటుంది. అప్పుడు ఎండిన కొబ్బరిమట్ట ముక్కతో గీరుకోవాలి. ఆ పనికి మల్టీటూల్ కంటే కొబ్బరిమట్టే నయం.

నా దగ్గర గ్రావెల్ సైకిల్ లేదు, హైబ్రిడ్ ఉంది.

తీసుకురండి. ఇక్కడ కొండలు లేవు, రాళ్ళు లేవు. 35 టైరు పట్టే ఏ సైకిలైనా చాలు. డబ్బులు మిగిలితే మంచి సీటు కొనుక్కోండి.

పంక్చర్ సంగతి?

గట్ల పొడుగునా తుమ్మచెట్లు. కొమ్మలు నరికి దారిలోనే పడేస్తారు, ఆ ముళ్ళు అంగుళం పైనే. ట్యూబ్‌లెస్ టైరులో సీలెంటు (కన్నం పూడ్చే ద్రవం) పోసుకుని రావడం మంచిది. ట్యూబులైతే రెండు అదనంగా. పంక్చర్ షాపు ప్రతి సెంటరులో ఉంటుంది, మనకంటే వేగంగా అతుకు వేస్తాడు. కాకపోతే మన సన్న వాల్వుకి వాళ్ళ గాలి గొట్టం పట్టదు. పది, ఇరవై రూపాయల ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో ఉంటే ఆ ఇబ్బంది తీరుతుంది. ట్యూబ్‌లెస్ అతుకు పుల్లలు కూడా మీరే తెచ్చుకోండి.

నేలంతా చదునే అంటున్నారు, మరి కష్టమేముంది?

గాలి. ఎండ ముదిరేకొద్దీ సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది, పదకొండు దాటాక ముఖాన కొడుతుంది. కొండెక్కితే దిగుడైనా ఉంటుంది, ఎదురుగాలికి దిగుడు లేదు. అందుకే పొద్దున్నే సముద్రం వైపు వెళ్ళి, మధ్యాహ్నం ఆ గాలిని వీపు మీద వేసుకుని వెనక్కి రావడం ఇక్కడి పద్ధతి. అంతర్వేది పోయే రెండో రోజు మటుకు తెల్లవారకముందే దిండి నుంచి కదలాలి.

ఉప్పుగాలికి సైకిల్ పాడవుతుందా?

ఒక్క ట్రిప్పుకి కొంప మునగదు, అశ్రద్ధ చేస్తే మునుగుతుంది. బీచ్ మీద తొక్కిన రోజే మంచినీళ్ళతో కడిగి, తుడిచి, గొలుసుకి నూనె వేయండి. ఒత్తిడితో కొట్టే నీళ్ళ గన్ను బేరింగుల మీదికి పెట్టొద్దు. ఇంటికెళ్ళాక సీటు కడ్డీ ఒకసారి బయటికి తీసి గ్రీజు రాయండి. లేదంటే ఆర్నెల్ల తర్వాత అది రాదు.

తిండి, నీళ్ళు?

తిండికి లోటున్న దేశమా ఇది! ఏ ఊరి సెంటరులోనైనా పొద్దున్న పెసరట్టు, ఇడ్లీ. దారిలో కొబ్బరిబొండాలు. శీతాకాలంలో తేగలు, తెంపి నమలడానికి టైము పడుతుంది గానీ జేబులో పెట్టుకుంటే ఏ ఎనర్జీ బారూ సాటి రాదు. నీళ్ళు మాత్రం సముద్రం దగ్గరయ్యేకొద్దీ ఉప్పు, ఆ వైపు వెళ్ళేముందే సీసాలు నింపుకోండి. కాలువ నీళ్ళు ఎంత తేటగా ఉన్నా తాగకండి. ఒక మాట: మధ్యాహ్నం భోజనం పెట్టే చోట "కొంచెం చాలండి" అంటే ఎవరూ వినరు. తిన్నాక తొక్కలేరు, ఆ రోజు దూరం దానికి తగ్గట్టు వేసుకోండి.

పాములు, కుక్కలు?

పాములుంటాయి, ముఖ్యంగా కోతలప్పుడు పొలాల్లోంచి గట్టెక్కుతాయి. సైకిల్ శబ్దానికి అవే తప్పుకుంటాయి. ఆగి గడ్డిలోకి అడుగుపెట్టేటప్పుడు, సైకిల్ గడ్డిలో పడేసి మళ్ళీ ఎత్తేటప్పుడు చూసుకోండి. కుక్క వెంటపడితే దిగి సైకిల్ని మధ్యలో అడ్డం పెట్టుకుని నిలబడండి, చాలావరకు దానికి ఆసక్తి పోతుంది. వీటికంటే నేను ఎక్కువ భయపడేది కొబ్బరి దింపు జరిగే తోటలకి. పైనుంచి కాయ పడేముందు కేక వేస్తారు, ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఆ కేక వినపడదు.

ఆడవాళ్ళం ఇద్దరమే వద్దామనుకుంటున్నాం, ఫర్వాలేదా?

పగలు గట్ల మీద జన సంచారం ఉంటుంది, పలకరింపులు ఎక్కువ. "ఏ ఊరమ్మా, ఎవరింటికి?" అని కనీసం పదిమంది అడుగుతారు, జవాబు చెబితే సంతోషిస్తారు. చీకటి పడితే గట్టు ఖాళీ అయిపోతుంది, లైట్లుండవు, అప్పుడు తారు రోడ్డు మీదికి వచ్చేయండి. అసలు చిక్కు బాత్రూములది. గుళ్ళు, పెట్రోలు బంకులు ఎక్కడున్నాయో ముందే మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి.

సంక్రాంతికి రావచ్చా?

కనుమ రోజు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ళ రుద్రుల ప్రభలు (దేవుడి కోసం వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన చట్రాలు), మనుషులు భుజాల మీద మోసుకుంటూ పచ్చటి వరిచేల మధ్యనుంచి, కౌశిక కాలువ నీళ్ళలోంచి దాటించి తెస్తారు. నాటిన పొలాన్ని ప్రభ తొక్కుకుంటూ పోతే రైతు ఏమీ అనడు, మంచిదనుకుంటాడు. చూసి తీరాలి. కానీ ఆ రోజు సైకిల్ ఇంట్లో పెట్టి నడిచి వెళ్ళండి. పండగ మూడు రోజులూ అల్లుళ్ళ కార్లతో ఊరి రోడ్లు నిండిపోయి ఉంటాయి.

రైల్లో సైకిల్ ఎలా తేవాలి? అమలాపురానికి రైలుందా?

లేదు, కోటిపల్లి నుంచి నరసాపురానికి వేయాల్సిన లైను గురించి మా చిన్నప్పట్నుంచీ వింటున్నాం. రాజమండ్రిలో గానీ నరసాపురంలో గానీ దిగాలి. స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ముందురోజే అడగండి. చక్రాలు ఊడదీసి సంచిలో పెట్టి, డిస్కుల మధ్య అట్టముక్క పెట్టడం మర్చిపోకండి. నాకొకసారి రైలు దిగేసరికి గేర్లు మార్చే డీరైలర్ వంగిపోయి ఉంది. ఆ రెండు రోజులూ ఒక్క గేరుతోనే తొక్కాను, కోనసీమలో ఆ ఒక్క గేరూ సరిపోయింది.

రూట్ ఫైల్ పంపిస్తారా?

పంపేవాణ్ణి, మానేశాను. పోయినేడు తొక్కిన గట్టు ఈ ఏడు పూడిక మట్టి కింద ఉంటుంది, లేదా దాని మీద సిమెంటు పడి ఉంటుంది. మ్యాప్ దారి చూపించిన చోట పిల్లకాలువ మీద తాటిదుంగ ఒక్కటే ఉండి, సైకిల్ భుజాన వేసుకుని దాటాల్సి వస్తుంది. మీకు కావాల్సింది పేర్లు: బొబ్బర్లంక, లొల్ల, గన్నవరం, దిండి, సఖినేటిపల్లి. మధ్యలో అనుమానమొస్తే లాకుల దగ్గర కాలువ లస్కర్ని (కాలువ చూసుకునే ఉద్యోగిని) అడగండి. ఏ గట్టు తెగిందో, ఏది బావుందో, ఏ తూము దగ్గర జారుతుందో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. కాకపోతే ఆయన చెప్పే "ఇక్కడేనండి, దగ్గరే" అన్నది రెండు కిలోమీటర్ల నుంచి తొమ్మిది దాకా ఎంతైనా కావచ్చు.